బాన్సువాడ ప్రాంతంలో ఇంటి నుండి పని, ఫ్రీలాన్సింగ్

బాన్సువాడ తెలంగాణ రాష్ట్రంలోని కామారెడ్డి జిల్లాకు చెందిన పట్టణం, మండల కేంద్రం, రెవెన్యూ డివిజన్ కేంద్రం. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణకు పూర్వం ఇది నిజామాబాదు జిల్లాలో ఉండేది. కంప్యూటర్, అంతర్జాల సంధానం ఉంటే ఊరు విడువకుండానే దూరదేశపు పని చేయవచ్చుననే భావన 2020 తరువాత ఇటువంటి పట్టణాలకు కూడా చేరినది. ఒక సంస్థలో నెల జీతానికి ఉద్యోగిగా ఉండి ఇంటి నుండి పనిచేయడం ఒక పద్ధతి. ఏ సంస్థకూ ఉద్యోగి కాకుండా పని లెక్కన కూలి తీసుకొనడం రెండవ పద్ధతి. దీనినే ఫ్రీలాన్సింగ్ అని వ్యవహరిస్తారు. వాడుకలో రెండింటినీ ఒకే మాటతో పిలుస్తున్నప్పటికీ, హక్కుల విషయంలో వీటి మధ్య భేదం చాలా పెద్దది. ఈ వ్యాసం ముఖ్యంగా రెండవ దానిని గురించినది.

నేపథ్యం

బాన్సువాడ ప్రాంతం వ్యవసాయ ప్రధానమైనది. మంజీరా నదిపై 1923లో ప్రారంభమై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ప్రాజెక్టు ఇక్కడి వరి, చెరకు సాగుకు ఆధారం. చెరకును నమ్ముకొని బోధన్‌లో వెలసిన నిజాం చక్కెర కర్మాగారం ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరుపొందినది. అది 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్ళి, 2015 డిసెంబరులో మూతపడినది. బాన్సువాడకు రైలు మార్గం లేదు. రైలు ఎక్కవలెనంటే కామారెడ్డికో, బోధన్‌కో, నిజామాబాదుకో వెళ్ళవలసినదే. పొలం పని కాకుండా మరొక జీవనోపాధి కావలసినవారు 1970ల నుండి గల్ఫ్ దేశాలకు, చదువుకున్నవారు 1990ల నుండి హైదరాబాదుకు తరలిపోతున్నారు.

2006లో నిజామాబాదు సమీపంలోని డిచ్‌పల్లిలో తెలంగాణ విశ్వవిద్యాలయం ఏర్పడినది. బాన్సువాడలోనే డిగ్రీ కళాశాలలు ఉన్నవి. అందువలన చదువు అందుబాటులోకి వచ్చినది కాని, ఆ చదువుకు తగిన ఉద్యోగం ఊరిలో లేదు. డిగ్రీ పూర్తిచేసిన యువతి విషయంలో ఈ సమస్య మరీ తీవ్రమైనది. అబ్బాయిని దుబాయికో అమీర్‌పేటకో పంపడానికి సిద్ధపడే కుటుంబం అమ్మాయి విషయంలో అంత సులభంగా ఒప్పుకొనదు.

పూర్వపు ఇంటి పని: బీడీలు

ఇంటిలో కూర్చుండి ఎక్కడో ఉన్న యజమానికి పనిచేయడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. ఉమ్మడి నిజామాబాదు జిల్లాలో కొన్ని తరాలుగా స్త్రీలు ఇంటి అరుగు మీద కూర్చుండి బీడీలు చుడుతున్నారు. కంపెనీ తరఫున కమీషన్‌దారు తునికాకు, పొగాకు, దారం ఇస్తాడు. ఇంట్లో ఆకును తడిపి, కత్తిరించి, చుట్టి, కట్టలు కట్టి తిరిగి అప్పగిస్తారు. కూలి వెయ్యి బీడీల లెక్కన ఇస్తారు. బాగాలేవని కొన్నింటిని తీసివేయడం, ఆ మేరకు కూలి తగ్గించడం, ఆకు తక్కువగా ఇచ్చి బీడీలు మాత్రం పూర్తిగా అడగడం వంటివి ఈ వృత్తిలోని పాత ఫిర్యాదులు.

నేటి ఫ్రీలాన్సింగ్‌ను అర్థం చేసుకొనడానికి బీడీ పరిశ్రమ చరిత్ర చాలా ఉపయోగకరమైనది. బీడీలు చుట్టేవారు తమ ఉద్యోగులు కారని, వారు స్వతంత్రంగా ఇంట్లో పని చేసుకొనేవారని కంపెనీలు చాలాకాలం వాదించినవి. 1966లో వచ్చిన బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంటివద్ద పనిచేసేవారిని కూడా కార్మికులుగానే గుర్తించినది. 1974లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించినది. 1977లో భవిష్యనిధి, అనగా ప్రావిడెంట్ ఫండ్, బీడీ పరిశ్రమకు వర్తింపజేయబడినది. అది ఇంటివద్ద చుట్టేవారికి వర్తించదని తయారీదారులు కోర్టుకు వెళ్ళగా, 1985లో సుప్రీంకోర్టు వర్తిస్తుందని తీర్పు చెప్పినది. ఆ తీర్పులోని ఒక అంశం గమనించదగినది. పనిచేసేవారి పక్కన యజమాని నిలబడి చూడకపోయినా, చేసిన పనిని నాణ్యత లేదని తిరస్కరించే హక్కు అతనికి ఉన్నది. ఆ హక్కే అజమాయిషీకి నిదర్శనమని కోర్టు భావించినది.

ఈ గుర్తింపు కాగితానికే పరిమితం కాలేదు. తెలంగాణ ప్రభుత్వం 2015లో బీడీ కార్మికులకు నెలకు రూ.1,000 పింఛను మొదలుపెట్టి, 2019లో దానిని రూ.2,016కు పెంచినది. ఇందుకు ప్రావిడెంట్ ఫండ్ ఖాతానే అర్హతగా తీసుకున్నారు. అనగా అరుగు మీద బీడీలు చుట్టిన తల్లికి ఒక గుర్తింపు కార్డు, ఒక ఖాతా సంఖ్య, ఒక పింఛను ఉన్నవి. అదే ఇంట్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న డిగ్రీ చదివిన కూతురికి ఈ మూడింటిలో ఒక్కటి కూడా లేకపోవచ్చును.

2020 తరువాత

2020 మార్చిలో కరోనా వలన లాక్‌డౌన్ విధించగా, హైదరాబాదు ఐటీ ఉద్యోగులు పెద్ద సంఖ్యలో స్వగ్రామాలకు చేరి అక్కడినుండే పనిచేసినారు. అంతకుముందు కాల్ సెంటర్ వంటి సేవలకు ఇంటినుండి పనిచేయడంపై టెలికాం శాఖ నిబంధనలు కఠినంగా ఉండేవి. వాటిని 2020 నవంబరులోను, తిరిగి 2021 జూన్‌లోను సడలించినారు. ప్రత్యేక ఆర్థిక మండళ్ళలోని సంస్థలకు 2022 జూలైలో ఇటువంటి వెసులుబాటు ఇచ్చినారు.

ఆ రోజులలో ఇక నగరాలతో పని లేదనే అభిప్రాయం కొందరిలో ఏర్పడినది. టీసీఎస్ సంస్థ 2025 నాటికి నాలుగింట ఒక వంతు సిబ్బంది మాత్రమే కార్యాలయంలో ఉంటే చాలునని 2020లో ప్రకటించినది. అదే సంస్థ 2023 అక్టోబరు నుండి ఉద్యోగులను వారానికి ఐదు రోజులు కార్యాలయానికి రమ్మన్నది. ఇతర సంస్థలు కూడా ఏదో ఒక మేరకు ఇదే దారి పట్టినవి. ఊరికి వచ్చిన ఉద్యోగాలలో చాలా భాగం ఆ విధంగా ఉద్యోగితోపాటే మళ్ళీ నగరానికి వెళ్ళిపోయినవి. ఊరిలో మిగిలినది ఎక్కువగా ఫ్రీలాన్సింగే.

చిన్న పట్టణాలకు ఐటీ పనులు తెచ్చే ప్రయత్నాలు అంతకుముందూ జరిగినవి. 2000ల మధ్యకాలంలో బైర్రాజు ఫౌండేషన్ గోదావరి జిల్లాల గ్రామాలలో గ్రామ్ ఐటీ పేరిట కేంద్రాలు నడిపినది. ఆ ఫౌండేషన్‌కు మూలమైన సత్యం సంస్థ 2009 జనవరిలో కుప్పకూలినది. తెలంగాణలో ప్రభుత్వం కరీంనగర్, ఖమ్మం, మహబూబ్‌నగర్, సిద్దిపేటలలో ఐటీ టవర్లు కట్టినది. నిజామాబాదు ఐటీ హబ్ 2023 ఆగస్టులో ప్రారంభమైనది. అయితే బాన్సువాడ నుండి రోజూ నిజామాబాదుకు బస్సులో వెళ్ళిరావడం ఇంటి నుండి పనిచేయడం అనిపించుకొనదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మాత్రం 2025 ఫిబ్రవరిలో ప్రత్యేకించి మహిళలకు ఇంటినుండి పని కల్పించే ఆలోచనను ప్రకటించినది.

వేదికలు పనిచేసే తీరు

ఫ్రీలాన్సింగ్ వెబ్‌సైట్లలో ఈలాన్స్, ఓడెస్క్ అనేవి పాతవి. ఈ రెండూ విలీనమై 2015లో అప్‌వర్క్ అనే పేరు పొందినవి. ఫ్రీలాన్సర్ డాట్ కామ్ 2009లోను, ఇజ్రాయెల్‌కు చెందిన ఫైవర్ 2010లోను వచ్చినవి. పని ఇచ్చేవారు తమ అవసరాన్ని ప్రకటిస్తారు. ప్రపంచం నలుమూలల నుండి చేసేవారు ధర చెప్పి పోటీపడతారు. ఫైవర్‌లో ఇది తలక్రిందులు. చేసేవారే తమ పనిని అంగడిలో సరుకు వలె ధర కట్టి పెడతారు.

కొత్తవారికి ఇక్కడ మొదటి పని దొరకడమే అన్నిటికంటె కష్టం. పాత పనులకు వచ్చిన నక్షత్రాల మార్కులను చూసి కొత్త పని ఇస్తారు; పని చేయనిదే మార్కులు రావు. అందువలన మొదటి కొన్ని నెలలు చాలా తక్కువ ధరకు చేయవలసి వస్తుంది. అప్‌వర్క్‌లో దరఖాస్తు పెట్టుకొనడానికే కనెక్ట్స్ అనే టోకెన్లు కొనవలసి ఉంటుంది. పని వస్తుందో రాదో తెలియక ముందే పెట్టుబడి మొదలవుతుందన్నమాట.

వేదిక తీసుకొనే వాటా కూడా తక్కువేమీ కాదు. ఫైవర్ 20 శాతం తీసుకుంటుంది. ఉదాహరణకు 50 డాలర్లకు ఒక పోస్టరు తయారుచేస్తే 10 డాలర్లు వేదికకు పోయి 40 మిగులుతాయి. ఆ సొమ్ము సాధారణంగా రెండు వారాలు వేదిక వద్దనే ఉంటుంది. తరువాత దానిని బయటికి తీసుకొనడానికి రుసుము, డాలర్లను రూపాయలుగా మార్చే దగ్గర మార్కెట్ రేటుకంటె కొంత తరుగు ఉంటాయి. అప్‌వర్క్ 2023 నుండి 10 శాతం తీసుకొని, 2025లో దానిని పనినిబట్టి సున్నా నుండి 15 శాతం వరకు మార్చినది. ఇటువంటి మార్పులలో పనిచేసేవారి సమ్మతితో ప్రమేయం ఉండదు.

కాలభేదం మరొక సంగతి. న్యూయార్క్‌లో ఉదయం 9 గంటలు అంటే బాన్సువాడలో వేసవిలో సాయంత్రం 6.30, చలికాలంలో 7.30. అమెరికా వారితో మాట్లాడుతూ పనిచేయవలసినవారికి రాత్రే పగలు. ఇంటి పనిభారం కూడా ఉన్న స్త్రీకి ఇది వంట వేళ. ఇంటి వద్ద పని ఉన్నంత మాత్రాన ఇంటి పని తగ్గదని బీడీలు చుట్టినవారికి ఎప్పటినుండో తెలిసినదే.

డబ్బు చేతికి అందే దారి

విదేశీ సొమ్ము పేపాల్, పేయోనీర్, వైజ్ వంటి సంస్థల ద్వారా గాని, నేరుగా బ్యాంకుకు గాని వస్తుంది. 2011 మార్చి నుండి పేపాల్ వంటి వాటి ద్వారా వచ్చే ఎగుమతి సొమ్ముపై రిజర్వు బ్యాంకు ఒక్కొక్క చెల్లింపుకు 500 డాలర్ల పరిమితి పెట్టినది. అదే సంవత్సరంలో దానిని 3,000 డాలర్లకు పెంచినది. 2023 అక్టోబరులో సరిహద్దులు దాటే చెల్లింపుల సంస్థలన్నిటికీ కొత్త నిబంధనావళిని ప్రకటించినది. సొమ్ము ఏ సేవకు వచ్చినదో తెలిపే పర్పస్ కోడ్, విదేశీ చెల్లింపు ధ్రువపత్రం భద్రపరచుకొనడం మంచిది. పన్ను అధికారి అడిగినా, బ్యాంకు అడిగినా అవే ఆధారం.

పన్ను విషయంలో చిన్న ఆదాయం ఉన్నవారికి నిబంధనలు అంత కఠినంగా లేవు. సేవలపై సంవత్సరానికి రూ.20 లక్షల లోపు రాబడి ఉన్నవారు జీఎస్టీలో నమోదు కానవసరం లేదు. అంతకు మించినప్పుడు కూడా విదేశాలకు చేసే సేవలు ఎగుమతిగా పరిగణింపబడి, తగిన పూచీపత్రం సమర్పిస్తే పన్ను చెల్లించనవసరం లేదు. ఆదాయపు పన్నులో 2016-17 నుండి కొన్ని నిర్దిష్ట వృత్తులవారు రాబడిలో సగాన్ని లాభంగా చూపి పన్ను కట్టే సౌకర్యం ఉన్నది. అయితే ఎంత సంపాదించినా జీతపు చీటీ లేదు గనుక బ్యాంకు రుణం అడిగినప్పుడు చిక్కు వస్తుంది. రెండు మూడేళ్ళ ఆదాయపు పన్ను రిటర్నులే అప్పుడు జీతపు చీటీకి బదులు. పన్ను పడని ఆదాయమైనా రిటర్ను వేయవలెనని అనుభవజ్ఞులు చెప్పడానికి కారణం ఇదే. పెళ్ళి సంబంధాల వారు అడిగే ఏ కంపెనీ అనే ప్రశ్నకు మాత్రం రిటర్నులు కూడా సమాధానం చెప్పలేవు.

పశ్చిమ ఆఫ్రికాతో పోలిక

ఈ వేదికలపై తెలుగు యువకులతో పోటీపడేవారిలో నైజీరియా, ఘనా వంటి పశ్చిమ ఆఫ్రికా దేశాలవారు ఉన్నారు. వారికి కూడా ఆంగ్లం పాలకుల భాషగా వచ్చినదే. లేగోస్ గడియారం బాన్సువాడ కంటె నాలుగున్నర గంటలు వెనుక ఉంటుంది. చలికాలంలో ఘనా కాలం లండన్ కాలంతో సమానం. ఐరోపా వారికి పగటిపూట పనిచేయడం వారికి సులభం.

ఇతర విషయాలలో వారి ఇబ్బందులు ఎక్కువ. పేపాల్ 2014లో నైజీరియాలో ప్రవేశించినప్పుడు సొమ్ము పంపడానికి మాత్రమే వీలు కల్పించినది. సొమ్ము అందుకొనడానికి ఏళ్ళ తరబడి వీలు లేకపోయినది. పని చేయగలిగి కూడా కూలి అందుకొనే దారి లేక ఇతరుల ఖాతాలపై ఆధారపడవలసి వచ్చినది. 2023 జూన్‌లో నైరా మారకపు విలువను సడలించగా అది బాగా పడిపోయినది. డాలర్లలో సంపాదించేవారికి చేతికందే నైరాలు పెరిగినవి, వాటితోపాటు బజారు ధరలూ పెరిగినవి. ఘనాలో కరెంటు వచ్చిపోయే స్థితికి దుమ్‌సోర్ అనే ప్రత్యేకమైన పేరే ఉన్నది. 2024 మార్చి 14న ఐవరీ కోస్ట్ తీరానికి దగ్గరలో సముద్రగర్భ కేబుళ్ళు ఒకేసారి దెబ్బతిన్నప్పుడు పశ్చిమ ఆఫ్రికాలోని అనేక దేశాలలో అంతర్జాలం స్తంభించినది.

2014లో లేగోస్‌లో మొదలైన ఆండెలా సంస్థ కథ తెలుగు విద్యార్థులు తప్పక గమనించవలసినది. ఆఫ్రికా యువకులకు ప్రోగ్రామింగ్ నేర్పి విదేశీ సంస్థలకు దూరం నుండి పనిచేయించడం దాని ఉద్దేశం. కాని 2019లో అది నైజీరియా, ఉగాండా, కెన్యాలలో సుమారు 400 మంది కొత్త ఇంజనీర్లను తొలగించినది. విదేశీ సంస్థలు అనుభవజ్ఞులనే కోరుతున్నవని కారణం చెప్పినది. నేర్చుకొనేవాడికి పక్కన కూర్చుండి నేర్పేవాడు కావలెను. దూరం నుండి పని ఇచ్చేవాడు ఆ ఖర్చు పెట్టుకొనడు. డిగ్రీ కాగానే ఇంట్లో కూర్చుండి ఫ్రీలాన్సింగ్ మొదలుపెట్టవచ్చుననే ప్రచారంలో ఈ సంగతి కనబడదు.

విద్యుత్తు, అంతర్జాలం

ఈ రెండు విషయాలలో బాన్సువాడ స్థితి 2010 నాటికంటె ఎంతో మెరుగు. 2014కు పూర్వపు కరెంటు కోతలు ఇప్పుడు లేవు. 2016 సెప్టెంబరులో జియో రాకతో మొబైల్ డేటా చవక అయినది. గ్రామపంచాయతీలకు ఫైబర్ వేసే భారత్‌నెట్ పథకానికి 2011లోనే వేరే పేరుతో ఆమోదం లభించినది. మిషన్ భగీరథ నీటి గొట్టాల వెంట వేసిన తీగల ఆధారంగా టీ-ఫైబర్ సేవలు 2024 డిసెంబరులో కొన్ని గ్రామాలలో ప్రయోగాత్మకంగా మొదలైనవి.

అయితే గడువు తప్పితే మార్కులు పోయే పనిలో సగటు వేగం కంటె తెగిపోకుండా ఉండడం ముఖ్యం. 2025 ఆగస్టు చివరివారంలో కామారెడ్డి జిల్లాలో కురిసిన కుంభవృష్టికి రోడ్లు తెగినవి, రైలు మార్గం కొట్టుకుపోయినది. ఇటువంటి రోజులలో నెల జీతపు ఉద్యోగికి సెలవు దొరుకుతుంది. ఫ్రీలాన్సరుకు మాత్రం పని పోవడమే గాక, దూరదేశపు యజమాని ఇచ్చిన ఒక నక్షత్రం సంవత్సరాల తరబడి వెంటాడుతుంది.

మోసాలు

ఇంటినుండి పని అనే ఆశ చుట్టూ మోసాలు విస్తారంగా అల్లుకున్నవి. వీటిలో పాతది డేటా ఎంట్రీ మోసం. నమోదు రుసుము కట్టించుకొని వందల పేజీలు టైపు చేయమంటారు. ఎవరికీ సాధ్యపడనంత ఖచ్చితత్వాన్ని ఒప్పందంలో రాస్తారు. గడువు ముగియగానే తప్పులున్నవని కూలి ఎగ్గొట్టి, పైగా ఒప్పందం ఉల్లంఘించినందుకు నష్టపరిహారం కట్టమని న్యాయవాది పేరిట నోటీసు పంపుతారు. కోర్టు మాట వింటేనే జడిసే కుటుంబాలు ఎవరికీ చెప్పకుండా కట్టివేస్తున్నవి. పని ఇచ్చేవాడు పని చేసేవారినుండి ముందుగా డబ్బు అడిగినాడంటే అది పని కాదని గ్రహించవలెను.

తరువాత వచ్చినది టాస్కుల మోసం. వీడియోలకు లైకు కొడితే డబ్బు ఇస్తామని టెలిగ్రామ్‌లో మొదలుపెట్టి, మొదట కొద్దిపాటి సొమ్ము నిజంగానే ఇచ్చి నమ్మకం కలిగించి, పిదప పెట్టుబడి పేరిట లక్షలు లాగుతారు. 2023 జూలైలో హైదరాబాదు పోలీసులు బయటపెట్టిన ఇటువంటి ఒక్క కేసులోనే మోసం విలువ రూ.712 కోట్లు, బాధితులు సుమారు 15,000 మంది.

వీటన్నిటికంటె ఘోరమైనది విదేశాలలో డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి కంబోడియా, మయన్మార్ వంటి దేశాలకు తీసుకుపోవడం. అక్కడ పాస్‌పోర్టు లాక్కొని, తిరిగి భారతీయులనే మోసగించే ఫోన్లు చేయిస్తారు. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు ఇటువంటి ఏజెంట్లను అరెస్టు చేయడంతో తెలుగునాట ఈ విషయం వెలుగులోకి వచ్చినది. గల్ఫ్ ఏజెంట్ల మోసాలు తరతరాలుగా ఎరిగిన నిజామాబాదు, కామారెడ్డి పల్లెలకు ఇది పాత కథకు కొత్త చిరునామా. ఆన్‌లైన్ మోసానికి గురైనవారు వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయవలెను. ఎంత త్వరగా ఫిర్యాదు చేస్తే సొమ్ము ఆపే అవకాశం అంత ఎక్కువ.

చట్టం దృష్టిలో

నీతి ఆయోగ్ 2022 జూన్‌లో ప్రచురించిన నివేదిక ప్రకారం 2020-21లో దేశంలో గిగ్ కార్మికులు 77 లక్షలు. 2029-30 నాటికి ఈ సంఖ్య 2.35 కోట్లకు చేరవచ్చునని అంచనా. 2020 సామాజిక భద్రతా స్మృతి గిగ్ కార్మికులను మొదటిసారిగా చట్టంలో నిర్వచించినది. ఇది మిగిలిన మూడు కార్మిక స్మృతులతోపాటు 2025 నవంబరు 21న అమలులోకి వచ్చినది. 1966 నాటి బీడీ కార్మికుల చట్టం కూడా వీటిలోనే విలీనమైనది. వేదికల సంస్థలు తమ వార్షిక టర్నోవరులో 1 నుండి 2 శాతం, కార్మికులకు చెల్లించే మొత్తంలో 5 శాతానికి మించకుండా, సంక్షేమ నిధికి ఇవ్వవలెనని ఇందులో ఉన్నది.

ఈ నిధి అనగానే ఆహారం చేరవేసేవారు, క్యాబ్ డ్రైవర్లు గుర్తుకు వస్తారు. కాని స్మృతిలోని ఏడవ షెడ్యూలులో వృత్తిపరమైన సేవలు అందించే వేదికలు కూడా ఉన్నవి. కాబట్టి ఇంట్లో కూర్చుండి బొమ్మలు గీసే ఫ్రీలాన్సరుకు కూడా మాటల ప్రకారం ఇందులో చోటు ఉన్నది. చిక్కు ఎక్కడనగా, ఆ వేదికల ప్రధాన కార్యాలయాలు విదేశాలలో ఉన్నవి. బీడీ కంపెనీ ఎంత దూరమైనా దేశంలోనే ఉన్నది గనుక కార్మిక సంఘాలు దాని గుమ్మం ముందు ధర్నా చేయగలిగినవి, కోర్టుకు ఈడ్వగలిగినవి. అంతేగాక బీడీలు చుట్టేవారందరూ ఒకే వాడలో ఉండి, ఒకే కమీషన్‌దారుతో పేచీపడి, సంఘంగా ఏర్పడినారు. ఫ్రీలాన్సర్లు ఒకరికొకరు కనబడరు. కనబడినా అదే పనికి ధర తగ్గించే పోటీదారులుగానే కనబడతారు. 1985 తీర్పులో చెప్పిన తిరస్కరించే హక్కు ఈ వేదికలపై పని ఇచ్చేవారికి నిండుగా ఉన్నది. దానిని ఆధారం చేసుకొని వాదించే సంఘమే లేదు.

రాష్ట్రాలలో రాజస్థాన్ 2023లో మొట్టమొదట గిగ్ కార్మికుల చట్టం చేసినది, కర్ణాటక 2025లో చేసినది. తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో ముసాయిదా బిల్లును ప్రజాభిప్రాయానికి విడుదల చేసినది. కేంద్రం 2021 ఆగస్టులో ప్రారంభించిన ఈ-శ్రమ్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకొనే అవకాశం ఉన్నది.

తెలుగు పనులు, కృత్రిమ మేధ

ఆంగ్లంలో ప్రపంచమంతటితో పోటీపడవలసి ఉండగా, తెలుగు తెలిసినవారికి మాత్రమే సాధ్యమైన పనులు కొన్ని ఉన్నవి. అనువాదం, సినిమాల ఉపశీర్షికలు, గొంతు ఇవ్వడం, కంప్యూటరుకు తెలుగు నేర్పడానికి మాటలను రికార్డు చేసి రాయడం ఇటువంటివి. 2022లో కేంద్రం ప్రారంభించిన భాషిణి కార్యక్రమంతో ఈ చివరి రకం పనికి ప్రాధాన్యం పెరిగినది. తెలంగాణ యాస, ఉర్దూ కలిసిన బాన్సువాడ మాట ఈ పనికి లోపం కాదు; పైగా అదే కావలసినది.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన తరువాత స్థితి మారినది. అప్‌వర్క్‌లో రచన సంబంధమైన ఫ్రీలాన్సర్లకు పనులు, ఆదాయం కొంత తగ్గినట్లు పరిశోధకులు 2023లోనే గమనించినారు. చిన్న అనువాదాలు, చిన్న పోస్టర్లు, సాధారణ వ్యాసాలు కొత్తవారు మొదటి మెట్టుగా ఎక్కే పనులు. యంత్రం ముందుగా చేజిక్కించుకుంటున్నవి కూడా అవే. యంత్రం చేసిన తెలుగు అనువాదాన్ని సరిదిద్దే పని మాత్రం మిగిలినది. దానికి కూలి అనువాదం కంటె తక్కువ. దానికి కావలసిన భాషాజ్ఞానం మాత్రం అనువాదానికి కావలసినదానికంటె తక్కువ కాదు.